ఓడ దిగిన అతిథికి మన పట్టణమును చూపుట

(మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము మేము మాట్లాడబూనిన విషయము మీలో కొందరికి వింతగా తోచవచ్చును. మన సమావేశములలో సాధారణముగా తెలుగు తరగతులను గూర్చియు, ఉపాధ్యాయుల కొరతను గూర్చియు, పిల్లలు మాతృభాషలో పరీక్ష వ్రాయుటను గూర్చియు మాట్లాడుకొందుము. నేడు చెన్నై రేవునకు వచ్చు విహారనౌకలను గూర్చియు, వానినుండి దిగి నాలుగైదు గంటలు మాత్రము పట్టణమున తిరిగి మరల ఓడ నెక్కు యాత్రికులను గూర్చియు చెప్పనెంచితిమి. ఈ రెంటికిని సంబంధము లేకపోలేదు. కొంచెము ఓపికతో వినగోరుచున్నాము.

విహారనౌక యనగా ఒక పెద్ద హోటలు నీటిపై తేలుచు ఊరూరికి పోవునట్టిది. తెల్లవారుజామున రేవు చేరును, సాయంకాలమున కదలిపోవును. విదేశములనుండి వచ్చు ఇట్టి ఓడలు చల్లని నెలలలోనే ఎక్కువగా మన తీరమునకు వచ్చుచుండును. 2022 జూనులో చెన్నై నుండియే ఒక విహారనౌక స్వదేశ యాత్రలు ప్రారంభించినది; అది విశాఖపట్టణమునకు పోయి వచ్చినది. విశాఖలో 2023 సెప్టెంబరున విహారనౌకలకై ప్రత్యేకముగా కట్టిన ఘట్టమును ప్రారంభించిరి. అనగా ఈ వ్యాపారము మన తూర్పు తీరమున వేళ్లూనుచున్నది.

ఓడ దిగువారికి రెండు మార్గములు గలవు. ఓడవారే బస్సులు కట్టి, నలుబదిమందిని ఒక్కసారి ఎక్కించి, చేత చీటీ పట్టుకొన్న మార్గదర్శి వెంట త్రిప్పుదురు. ఇది ఖరీదయినది; కాని అందొక ధైర్యమున్నది. ఆ బస్సు ఆలస్యమయినచో ఓడ దానికొరకు ఆగును. రెండవది, యాత్రికుడే ముందుగా ఏర్పాటు చేసికొని, లేదా గేటు వెలుపల బేరమాడుకొని, సొంత కారులో సొంత మార్గదర్శితో తిరుగుట. నలుగురే యుందురు గనుక తీరికగా చూడవచ్చును, అడిగిన ప్రశ్నకు సమాధానము దొరకును. అయితే ఆలస్యమయినచో ఓడ ఆగదు. దిగవిడువబడినవాడు సొంత ఖర్చుతో విమానమెక్కి తరువాతి రేవున కలిసికొనవలెను. ఇంకొక చిక్కు గలదు: తూర్పు దేశములనుండి వచ్చు ఓడలో గడియారము ఒక్కొక్కసారి ఓడకాలమునే చూపుచుండును, మన కాలమును కాదు. ఐదు గంటలకు రమ్మనిరన్నచో ఎవరి ఐదు గంటలు? ఈ ఒక్క ప్రశ్న ఉదయమే అడుగని మార్గదర్శి అతిథికి శత్రువే.

ఇక మా సంగతి చెప్పుకొనవలెను. దాచిన లాభము లేదు.

మా బట్టల దుకాణము జార్జిటౌనులో మూడు తరములనుండి ఉన్నది. కొన్ని సంవత్సరముల క్రిందట కారు డ్రైవర్లు విదేశీయులను మా మెట్లెక్కించుట ప్రారంభించిరి. అమ్మిన ప్రతి నూరు రూపాయలకు ఇరువది వారికి. ఆ ఇరువదియు మేము మా జేబునుండి ఇయ్యలేదు, ధరపై వేసితిమి. వర్తకులయినవారికి ఇందులో వివరింపవలసినదేమియు లేదు. రెండు చలికాలములు ఇట్లు గడచినవి.

ఒకనాటి మధ్యాహ్నము ఒక వృద్ధ దంపతులు వచ్చిరి. వారిది ఇంగ్లండు. మాది ఆనాడు వారు చూచిన మూడవ దుకాణమని తరువాత తెలిసినది. ఆమె బట్టలవైపు చూడక, "పగడాల వర్తకుల వీధి ఇచ్చటికి ఎంత దూరము? వజ్రములకు బదులు పగడములమ్మిన వీధి యని చదివితిని" అని అడిగెను. ఆ వీధి మాకు తెలియును. దినమునకు రెండుసార్లు దానిగుండా పోవుదుము. కాని అచ్చట ఎవరు పగడములమ్మిరో, వజ్రములేమిటో మాకు తెలియదు. నోరు మెదపలేకపోతిమి. డ్రైవరు నవ్వి, "అది చూడదగినది కాదమ్మా, ఉత్త ఇరుకు సందు" అని చెప్పి పట్టుచీరల బీరువా చూపించెను. ఆమె ఏమియు కొనలేదు. భర్త మాటిమాటికి గడియారము చూచుకొనుచుండెను. మా దుకాణమున ముప్పావుగంట పోయినది. అటుపై రాజాజీ సాలైలో కంటెయినరు లారీల వెనుక చిక్కుకొని, ఓడ నిచ్చెన తీయుటకు కొద్ది నిమిషములు ముందుగా మాత్రమే వారు చేరగలిగిరని ఆ డ్రైవరే మరునాడు నవ్వుచు చెప్పెను. మాకు నవ్వు రాలేదు. అతడు కమీషనుకు చేయి చాపెను. కొనుగోలు లేదు గనుక ఇయ్యనక్కరలేకపోయినది. కాని ఆనాటినుండి ఆ ఖాతాయే మూసివేసితిమి.

పిమ్మట ఆమె అడిగిన ప్రశ్నకు సమాధానము వెదకితిమి. పదునేడు, పదునెనిమిదవ శతాబ్దములలో లివోర్నో, లండను నగరముల యూదు వర్తకులు మధ్యధరా సముద్రపు పగడములను ఇచ్చటికి తెప్పించి, బదులుగా వజ్రములను కొనిపోవుచుండిరి. వారిలో కొందరు ఈ పట్టణముననే స్థిరపడిరి. ఆ వజ్రములెచ్చటివి? గోలకొండ సీమవి, మన కృష్ణాతీరపు గనులనుండి వచ్చినవి. 1698 నుండి 1709 వరకు ఈ కోటలో గవర్నరుగానున్న థామస్ పిట్, కొల్లూరు గనిదని చెప్పబడు 410 క్యారెట్ల ముడివజ్రమును కొని స్వదేశమునకు పంపెను. 1717లో అది ఫ్రాన్సు దేశపు రాజప్రతినిధికి అమ్ముడుపోయినది; సానపట్టిన ఆ వజ్రము నేడు పారిసులోని లూవ్రు ప్రదర్శనశాలలో ఉన్నది. కొల్లూరు గనులో, పులిచింతల జలాశయపు నీటి క్రిందికి పోయినవి. ఆ ఇరుకు సందున నిలిచి ఈ కథ చెప్పినచో ఆ వృద్ధురాలు ఎంత సంతోషించెడిదో! చెప్పవలసినవారము మేము, చీర చూపితిమి.

అప్పటినుండి మాకు కలిగిన ఆలోచన ఇది. ఈ పట్టణమును ఓడ దిగినవారికి చూపుట మన యువకులకు, ఆడపిల్లలకు తగిన వృత్తి. రేవుగేటు నుండి నడిచిపోదగిన దూరములోనే మన పూర్వుల చరిత్ర పరచుకొని యున్నది. 1639లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే కోటకు స్థలము సంపాదించినది దామెర్ల వెంకటాద్రి నాయకుని వద్ద. ఆ నాయకుని తండ్రి చెన్నప్ప పేరనే చెన్నపట్టణమైనదని చరిత్రకారులలో ఎక్కువమంది చెప్పుదురు. కంపెనీకి ద్విభాషిగా నిలిచిన బేరి తిమ్మప్పయు తెలుగువాడే. నేటి హైకోర్టు ఆవరణలో నుండిన పాత పట్టణపు దేవాలయమును 1757లో కంపెనీవారు పడగొట్టిరి. తరువాత దేవరాజ మొదలి వీధిలో చెన్నకేశవ, చెన్నమల్లీశ్వర ఆలయములు జంటగా వెలసినవి. వానిని కట్టించుటకు పూనుకొన్న మణలి ముత్తుకృష్ణ మొదలియారు తమిళుడు. ఈ సంగతి విడిచి చెప్పరాదు. నాయకుని పేరు మనదయినను, గుడి నిలిపిన చేయి వారిది.

మన వర్తకులు ప్రత్యేకముగా జ్ఞాపకముంచుకొనవలసినవాడు గాజుల లక్ష్మీనరసు శెట్టి. బట్టల, నీలిమందు వర్తకమున ధనము గడించి, ఆ ధనమును 1844లో క్రెసెంటు అను పత్రికకును, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషనుకును వెచ్చించెను. దక్షిణ దేశమున భారతీయులు రాజకీయ విషయములకై స్థాపించుకొన్న మొదటి సంఘమదియే. 1868లో ఆయన చనిపోవునాటికి ధనము చాలవరకు కరిగిపోయినది. మన దుకాణముల గోడలపై లక్ష్మీదేవి పటము ప్రక్కన ఈయన పటము ఎందులకు లేదో మాకు తెలియదు.

బ్రిటిషు అతిథులు వచ్చినచో ఎగ్మూరు వస్తుప్రదర్శనశాలకు తప్పక తీసికొనిపోవలెను. అమరావతి స్తూపపు శిల్పములు అచ్చటనున్నవి. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన వానిలో అనేకము లండనుకు పోయి బ్రిటిషు మ్యూజియములో నిలిచినవి. మిగిలిన భాగము చెన్నైలో కలదని ఆ దేశస్థులకే చాలమందికి తెలియదు. సగము వారి యింట, సగము మన యింట చూచినవాడు మార్గదర్శిని మరువడు. జర్మనులు వచ్చినచో హైకోర్టు గోడవద్ద ఎమ్డెన్ ఫలకమును చూపవలెను. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఆ యుద్ధనౌక ఈ పట్టణముపై గుండ్లు కురిపించినది. గట్టివానిని ఎమ్డెన్ అనుట తమిళమున నేటికిని కలదు. ఈ మాట చెప్పగానే నవ్వని జర్మను ఉండడు.

రాయపేట హైరోడ్డులో 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు ప్రాణములర్పించిన స్థలము కూడ కలదు. అచ్చట ఎట్లు మాట్లాడవలెనన్నది జాగ్రత్తగా ఆలోచింపవలెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రమేర్పడినది, భాషారాష్ట్రములకు దారి తీసినది, అని చెప్పుట చాలును. ఆనాటి పట్టణపు తగవును విదేశీయుని ముందు తిరుగదోడుట మర్యాద కాదు. తిరువల్లిక్కేణి పార్థసారథి స్వామి కోవెల ఈ కోటకంటె ఎన్నో శతాబ్దములు పూర్వము నుండి ఉన్నది. ఊరు వారిది, మనము ఇంటిలో కలిసిపోయిన బంధువులము. ఈ స్వరము మార్గదర్శి గొంతులో వినబడవలెను.

పెద్దలు కొందరు మాతో, "చదివించిన పిల్లలను దొరల వెంట గొడుగు పట్టుకొని తిరుగుమందురా?" అనిరి. బేరి తిమ్మప్ప చేసినదేమి? రెండు భాషల నడుమ నిలిచి, ఒకరి మాట ఇంకొకరికి తప్పు లేకుండ చెప్పుటయే గదా! అందులకు సిగ్గుపడనక్కరలేదు. తెలియని మాటను తెలిసినట్లు చెప్పుటకు సిగ్గుపడవలెను. మా వంటివారు దుకాణములో కూర్చుండి ఆ సిగ్గు అనుభవించితిమి.

అసలు చిక్కు వేరు. మన పిల్లలకే ఈ కథలు తెలియవు. తెలుగు చదువరానివాడు చెన్నకేశవుని పేరునకు అర్థమెట్లు చెప్పును? గోవిందప్ప నాయకుని వీధిలో పుట్టి పెరిగినవాడు గోవిందప్ప ఎవరని అడుగడు. పాత ఇండ్లు ఒకటొకటిగా పడగొట్టి గిడ్డంగులు కట్టుచున్నారు. కొత్వాల్ చావడి కూరగాయల బజారు 1996లో కోయంబేడునకు తరలినది. అచ్చటి కన్యకాపరమేశ్వరీ దేవస్థానము మాత్రము కదలక నిలిచినది. ఇంకొక తరము గడచినచో చూపుటకు ఏమి మిగులునో! ఓడ అతిథికొరకైనను మన పిల్లలు ఈ వీధుల కథ నేర్చుకొందురని మా ఆశ. అతిథి ఇచ్చు రుసుము పైలాభము.

కావున కార్యవర్గము ఇట్లు నిశ్చయించినది. పండ్రెండుమందిని ఎంచి శిక్షణ ఇచ్చెదము. కేంద్ర పర్యాటక శాఖవారు 2020లో ఇంటినుండియే చదువుకొనదగిన పాఠక్రమమును ప్రారంభించిరి. అట్టి అధికార పత్రము లేనిదే ఎవరిని పంపము. ఒక్కొక్క జట్టున ఆరుగురికంటె ఎక్కువ అతిథులుండరు. రుసుము ముందుగానే కాగితముపై వ్రాసి ఇయ్యవలెను. రేవు చుంగము, కారు అద్దె, ప్రవేశ రుసుములు విడివిడిగా. ఏ దుకాణము కమీషను పుచ్చుకొనరాదు. మా దుకాణమునకైతే అసలు తీసికొనిరాకూడదు. అతిథి తానే కొనగోరినచో ధర చీటీ అతికించిన కొట్టు చూపి వెలుపల నిలువవలెను. ఓడ కదలు వేళకు రెండు గంటలు ముందే గేటు చేర్చవలెను. ఎండలో లారీల వరుస ఎంత పొడవో రేవుదారి ఎరిగినవారికి చెప్పనక్కరలేదు.

శుక్రవారము వచ్చు ఓడలకు వేరు దారి వ్రాసికొనవలెను. ఆనాడు ఎగ్మూరు ప్రదర్శనశాలకును, కోటలోని ప్రదర్శనశాలకును సెలవు. కోవెలలు మధ్యాహ్నము మూసి నాలుగు గంటలకుగాని తెరువరు గనుక వానిని ఉదయమే ముగింపవలెను. ధ్వజస్తంభము దాటి అన్యమతస్థులను పోనీయని ఆలయములున్నవి. ఆ సంగతి గుమ్మమువద్ద గాక కారులోనే మెల్లగా చెప్పవలెను. మహాబలిపురము చూడవలెనని అడుగువారుందురు. పోను రాను మూడు, నాలుగు గంటలు పట్టును. ఓడ సాయంకాలము ఆరు గంటలకు కదలునదైతే సరి, మూడు గంటలకు కదలునదైతే "వలదు" అని చెప్పవలెను. రుసుము పోయినను సరియే.

రాబోవు ఆదివారమునాడు మొదటి నడక మనవారికే. ఉదయము ఆరున్నరకు దేవరాజ మొదలి వీధిలో చెన్నకేశవస్వామి గుడిముందు కలిసికొందము. అచ్చటనుండి పగడాల వర్తకుల వీధి, గోవిందప్ప నాయకుని వీధి, కన్యకాపరమేశ్వరీ దేవస్థానము. పిల్లలను తీసికొనిరండు. సులభముగా విడువదగిన చెప్పులు తొడుగుకొనుడు. పేర్లు మా దుకాణమున గాని, సంఘ కార్యాలయమున గాని శుక్రవారములోపల వ్రాయించవలెను.