నెలకు తొంబది రూపాయలు

(మేడిపల్లిలో చేసిన ప్రసంగ పాఠము)

పంచాయతీ సభ్యులారా,

జబ్బు చేసిన పిదప వైద్యుని ఫీజుకై అప్పు వెదకుట మన యిండ్లలో పరిపాటి. ఆరోగ్యముగా నున్నపుడే నెలనెల కొంత చెల్లించి, కుటుంబమున కంతటికి వైద్యుని సిద్ధముగా నుంచుకొను ఏర్పాటు ఒకటి గలదు. అదియే కార్మిక రాజ్య బీమా, జనులు ఇ.ఎస్.ఐ. అందురు. దాని ఆసుపత్రి మీకు దాపుననే, నాచారములో నున్నది.

1948లో చట్టమైన యీ పథకము 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో మొదలైనది. 2019 జూలై నుండి వేతనములో నూటికి ముప్పాతిక రూపాయి కార్మికుని వంతు, మూడుంబావు యజమాని వంతు. 12,000 రూపాయల వేతనము గలవాడు ఇచ్చునది 90 రూపాయలు. యజమాని ఇచ్చునది 390. పట్నములో వైద్యుని ఒక్కమారు చూచుటకే అంతకు మించి యగుట మీరెరుగనిది కాదు.

వ్యవసాయ కూలీలకు ఈ బీమా లేదు. అది పెద్ద కొరతయే. వారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రము కలదు.

బీమా గలవారికిని చిక్కొకటి కలదు. జీతములో కోత పడుచునే యుండును. భార్యాబిడ్డల పేర్లు, పోషణలోనున్న తల్లిదండ్రుల పేర్లు మాత్రము నమోదు కాకుండుట కద్దు. జ్వరముతోనున్న బిడ్డ నెత్తుకొనివచ్చిన తల్లికి ఆ సంగతి చీటీ వ్రాయుచోట గాని తెలియదు. కావున కర్మాగారములకు పోవు మీ గ్రామస్థులను నేడే అడుగుడు: బీమా సంఖ్య వచ్చినదా? ఇంటివారి పేర్లెక్కినవా? ఎక్కనిచో కర్మాగారపు కార్యాలయములో చెప్పి వ్రాయింపుడు.