షాదీఖానాతో పాటు నక్షా కూడా అడుగుదాం
(కొత్తచెరువులో ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఉన్నప్పుడు షాదీఖానాల కోసం వచ్చిన వినతిపత్రాలెన్నో నా బల్ల మీదుగా సాగిపోయాయి. స్థలమెంత, మంజూరైన సొమ్మెంత, శంకుస్థాపన ఎప్పుడు అన్నవే అందరి ప్రశ్నలు. ద్వారాలెన్ని, అవి ఎటు తెరుచుకుంటాయి అని అడిగినవారు అరుదు.

ఆ ప్రశ్న విలువ ప్రాణమంత. 1995 డిసెంబరు 23న హర్యానాలోని డబ్వాలీలో, ఒక కల్యాణ మండపంలో జరుగుతున్న పాఠశాల వేడుకలో మంటలు చెలరేగి 400 మందికి పైగా మరణించారు. 2004 జనవరి 23న తమిళనాడులోని శ్రీరంగంలో పెళ్లి మండపంపై వేసిన ఆకుల పందిరి అంటుకొని, వరునితో సహా 50 మందికి పైగా బలయ్యారు. రెండుచోట్లా జనం త్వరగా బయటపడేందుకు తగిన దారి లేకపోయింది.

జనం గుమిగూడే భవనాలలో నిష్క్రమణ ద్వారం కనీసం 2 మీటర్ల వెడల్పుండాలనీ, తలుపు వెలుపలికి తెరుచుకోవాలనీ 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతోంది. కారణం సులభం. భయంతో తోసుకువచ్చే గుంపు ముందు, లోపలికి తెరుచుకునే తలుపును లాగడం ఎవరి తరమూ కాదు.

మనకు మరొక బాధ్యత కూడా ఉన్నది. మన శుభకార్యాలలో స్త్రీలు, పసిపిల్లలు వేరుగా కూర్చుంటారు. చాలాచోట్ల ఆ స్థలం మేడమీద, ఒకే ఇరుకు మెట్లదారితో ఉంటుంది. ఆ మెట్ల కిందే గ్యాసు సిలిండర్లు, మెట్లపై కుర్చీల దొంతరలు! పరదాకు ప్రత్యేక ద్వారం ఎంత అవసరమో, ప్రాణరక్షణకు రెండవ ద్వారం అంతే అవసరం. స్త్రీల హాలు నేలమట్టంలో ఉండటం మేలు. మేడపై తప్పనిసరైతే రెండు చివరలా రెండు మెట్లదారులు ఉండాలి. వంటశాల హాలుకు దూరంగా, విడిగా ఉండాలి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం వారికి అందుబాటులో లేని నక్షాకు అనుమతి ఇవ్వరాదు. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవున్న ర్యాంపు మన వృద్ధులకూ ఆసరాయే.

ఇక పెళ్లిళ్లు లేని రోజుల మాట. తాళం వేసిన హాలు ఎవరికి ఉపయోగం? ఒక పక్క పఠన మందిరం, ఆడపిల్లలు నిస్సంకోచంగా ఆడుకునే స్థలం, మన ఎండలకు తగినట్లు ఎత్తైన కప్పు, ఎదురెదురు కిటికీలు, వరండా నక్షాలోనే ఉండాలి. పునాది మట్టం ఎత్తుగా ఉంటే 2021 నవంబరు నాటి వంటి వర్షాలలో అదే ఆశ్రయమవుతుంది. ప్రధానమంత్రి జన వికాస్ కార్యక్రమం కింద సామాజిక భవనాలతో పాటు క్రీడా సదుపాయాలూ కోరవచ్చు.

కనుక మంజూరుకు ముందే నక్షా చూపమని అడగండి. చూపకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద నక్షా, అంచనాల ప్రతులకు దరఖాస్తు చేయండి. సాధారణంగా 30 రోజులలో జవాబివ్వాలి. వచ్చిన నక్షాను మొదట స్త్రీల ముందు పరచండి. ఆ హాలులో కూర్చునేది వారే.

ఉన్న షాదీఖానాలకు మంజూరు అక్కరలేదు. ఈ వారమే మెట్లు ఖాళీ చేయించండి, తలుపులు వెలుపలికి తిప్పించండి, వేడుక సాగుతున్నంతసేపు ఏ ద్వారానికీ తాళం పడకుండా ఒక మనిషిని నియమించండి.