రెండంతస్తుల సాకెట్టు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



"మీరేం పని చేశారో మన పిల్లలకు అర్థమయ్యేటట్టు చెప్పండి భాయ్" అన్నారు కార్యదర్శిగారు. నేను చేసిన పని చాలా చిన్నది. మాటవరసకు అనడం కాదు, నిజంగానే చిన్నది. కంప్యూటరు వెనకాల తీగలు గుచ్చే సాకెట్లు ఉంటాయి కదా, వాటికి నమూనాలు గీయడం నా ఉద్యోగం. సాకెట్టు గీయడానికి ఇంజనీరెందుకు అని మా పెళ్లిలోనే ఒక పెద్దాయన అడిగారు. ఆయనకు అప్పుడు చెప్పలేకపోయిన జవాబు ఇవాళ చెబుతాను.

కొత్తవలస స్టేషను చూడనివాళ్లు ఈ సభలో ఉండరు. ఇటు హౌరా-చెన్నై మెయిన్ లైను, అటు అరకు మీదుగా కిరండూల్ పోయే లైను. రాత్రి బండి ఎక్కితే స్లీపర్ బోగీలో ఏముంటుంది? కింద ఒక బెర్తు, మధ్యన ఒకటి, పైన ఒకటి. బోగీ పొడవు పెంచడానికి వీల్లేదు కాబట్టి మనుషుల్ని అంతస్తులుగా పేర్చారు. పాత స్లీపర్ బోగీలో 72 మందికి చోటు వచ్చింది ఆ పేర్పు వల్లనే. కంప్యూటరు బోర్డు కథ కూడా అదే.

మన తెలుగునాట కంప్యూటరు తయారీ కొత్తదేం కాదు. 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ ఏర్పడింది. దాన్ని నిలబెట్టిన ఏ.ఎస్.రావుగారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు వారు. అక్కడ టీడీసీ-12 అనే కంప్యూటరు తయారైంది. ఆ కాలపు యంత్రాలు బీరువాలంత ఉండేవి, చోటుకు కరువు లేదు. యంత్రం బల్ల మీదికి వచ్చాక చోటు కరువైంది. మొదట్లో బోర్డు మీద సూటిగా ఉండేది ఇంచుమించు కీబోర్డు సాకెట్టు ఒక్కటే. ప్రింటరుకీ మిగతావాటికీ లోపల తీగలు లాగి వెనక రేకుకు బిగించేవారు. 1995లో ఇంటెల్ కంపెనీ ఏటీఎక్స్ అనే కొలతల పద్ధతి తెచ్చి, వెనక రేకులో 158.75 మిల్లీమీటర్ల పొడవు, 44.45 మిల్లీమీటర్ల ఎత్తుగల కిటికీ ఒకటి పెట్టింది. ఆ ఎత్తు ఎందుకంటే, సాకెట్లను ఒకదాని మీద ఒకటి పేర్చడానికి. మరుసటి ఏడు యూఎస్‌బీ వచ్చింది. ఇక ప్రతివాళ్లూ రెండంతస్తులే అడిగారు.

పేర్చడం సులువే అనిపిస్తుంది. చిక్కంతా కాళ్ల దగ్గర. యూఎస్‌బీ సాకెట్టు ఒక్కోదానికి నాలుగు లోహపు పిన్నులు. కింది అంతస్తు పిన్నులు వెంటనే వంగి బోర్డులోకి దిగిపోతాయి. పై అంతస్తువి ఇంకాస్త వెనక్కి వెళ్లి, కిందివాటి వీపు వెనకనుంచి దిగాలి. పై బెర్తువాడు దిగాలంటే కింద పడుకున్నవాడి మీద కాలు పెట్టకూడదు కదా, అదీ సంగతి. పొడవైన కాళ్లు కాబట్టి డబ్బాల్లో పోసి పంపితే వంకరపోతాయి, బోర్డు రంధ్రాల్లో కూర్చోవు. అందుకని అడుగున దువ్వెనలాంటి చిన్న ప్లాస్టిక్ పలక ఒకటి పెట్టి వాటిని వరసలో నిలుపుతారు.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. అప్పుడు నేను చేసిన కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. సాకెట్టు లోతు ఒక మిల్లీమీటరు తగ్గించి చూపిస్తే ఆర్డరు మనదే అన్నారు. పై పిన్నుల వంపు మరీ బిగువుగా గీశాను. కాగితం మీద బ్రహ్మాండంగా కుదిరింది. నమూనాలు తయారై వచ్చాక భూతద్దం కింద పెడితే, ప్రతి వంపు దగ్గరా వెంట్రుకవాసి చీలికలు. అచ్చులకు పోసిన డబ్బు చాలా పెద్దది. పై అధికారి నాతో మాట్లాడటం మానేశాడు. రాజీనామా కాగితం రాసుకుని జేబులో పెట్టుకుని సెలవు మీద ఇంటికి వచ్చాను.

మా అబ్బా రేకు ట్రంకు పెట్టెలు చేసేవారు. చదువు లేదు. ఆ పిన్ను ఒకటి ఆయన చేతిలో పెట్టాను. కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు తిప్పి చూశారు. "ఏట్రా, రేకు సాగిన దారి చూసుకోలేదా? సాగిన దారెంటే మడత గీత పెడితే నోరు తెరుస్తాది. అడ్డంగా పెట్టు. లేదా, మడత గుండ్రంగా తిప్పు" అన్నారు. అంతే, మళ్లీ సుత్తి అందుకున్నారు.

ఫాస్ఫర్ బ్రాంజ్ రేకును రోలర్ల మధ్య నలిపి సాగదీస్తారు. ఆ సాగుడు వల్ల దానికి కర్రకున్నట్టే ఒక చార వస్తుంది. మా అచ్చులో పిన్నులు పట్టీకి అడ్డంగా ఉన్నాయి కాబట్టి మడత గీత సరిగ్గా చార వెంబడే పడుతోంది. ఇది నేను చదివిన పుస్తకంలోనే ఉంది. పరీక్ష రాసి మరిచిపోయాను. అచ్చు మొత్తం మార్చే స్తోమత లేదు గనుక అబ్బా చెప్పిన రెండో మార్గమే పట్టాం. వంపు గుండ్రన పెంచి, ఆ పోయిన చోటు ప్లాస్టిక్ వెనక గోడను పలచన చేసి రాబట్టాం. ఒక మిల్లీమీటరు దక్కలేదు, అరమిల్లీమీటరు పైచిలుకు దక్కింది. ఆర్డరు సగం వచ్చింది. రాజీనామా కాగితం చాలా రోజులు జేబులోనే ఉండి, చివరికి చాకలికి వెళ్లిపోయింది.

ఇంకో సంగతి. యూఎస్‌బీ తీగ గుచ్చడానికి 35 న్యూటన్ల దాకా, అంటే ఇంచుమించు మూడున్నర కిలోల బరువంత బలం పట్టవచ్చని లెక్క. పై అంతస్తులో గుచ్చినప్పుడు ఆ బలం గునపంలా పనిచేసి సాకెట్టును బోర్డునుంచి పెకలించజూస్తుంది. అందుకే బయటి రేకు తొడుగుకు లావాటి కాళ్లు పెట్టి టంకం వేస్తారు. 2006లో ఐరోపాలో సీసం మీద ఆంక్షలు వచ్చాక ఆ టంకమూ మారింది. పాతది 183 డిగ్రీలకు కరిగేది, ఇప్పుడు ఎక్కువగా వాడేది 217 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఆ వేడికి మెత్తబడే ప్లాస్టిక్కులు పనికిరాకుండా పోయాయి. దీని మీద ఇంకో గంట మాట్లాడగలను గానీ, వెనక బిర్యానీ వాసన వస్తోంది, మీరు వినరు.

పిల్లలకు ఒక్క జాగ్రత్త చెప్పాలి. ల్యాప్‌టాప్‌లలో మెమరీ కార్డుల సాకెట్లు కూడా కొన్నిట్లో ఇలా ఒకదాని మీద ఒకటి ఉంటాయి. కార్డును వాలుగా గుచ్చి, తర్వాత కిందికి నొక్కితే రెండు పక్కలా కొక్కేలు టక్కున పడతాయి. రిపేరు నేర్చుకుంటున్న మన కుర్రాళ్లు కొందరు ఊరికే తీసి పెడుతుంటారు. యూఎస్‌బీ సాకెట్టు 1,500 సార్లు గుచ్చి తీసినా ఓర్చుకునేలా చేస్తారు. మెమరీ సాకెట్టుకు పెట్టిన లెక్క 25 సార్లే. పై కార్డు సరిగా కూర్చోక యంత్రం మొరాయిస్తే బోర్డే పోయిందని చెప్పి కొత్త బోర్డుకు డబ్బు కట్టించుకున్న సంగతి మా చుట్టాలింట్లోనే జరిగింది. ముందు కార్డు తీసి, అంచు శుభ్రం చేసి, మళ్లీ కొక్కెం పడేదాకా నొక్కి చూడండి.

నేను గీసిన సాకెట్లు కొన్ని, ఆ చీలిన పిన్ను కూడా, భూతద్దంతో సహా ఈ బల్ల మీద పెట్టాను. భోజనాలయ్యాక వచ్చి చూడండి. బంగారు పూత ఉన్న చోట మాత్రం వేలు పెట్టకండి.