అడగడానికి మనకూ ఒకరుండాలి

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో సంఘం తరఫున యువతీ యువకులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



1982 ఆగస్టు 9న ఐక్యరాజ్య సమితిలో ఆదివాసీ జనసమూహాల మీద ఏర్పాటైన వర్కింగ్ గ్రూపు మొదటిసారి సమావేశమైంది. ఆ తేదీకి గుర్తుగానే 1994లో ఈ దినోత్సవాన్ని ప్రకటించారు. అంటే మన పండుగ పుట్టింది ఒక గ్రూపు మీటింగు నుంచి! ఇవాళ మనం మాట్లాడుకునేది కూడా గ్రూపుల గురించే. మీ జేబుల్లో, మీ ఫోన్లలో ఉన్న గ్రూపుల గురించి.

ముందుగా ఒక సంగతి. మనలో చాలామంది ఇంట్లో మొదటి ఉద్యోగస్తులు. మన గూడల నుంచి ఇప్పుడు టీచర్లు, ఏఎన్ఎంలు, స్టాఫ్ నర్సులు, పంచాయతీ కార్యదర్శులు, బీట్ ఆఫీసర్లు, లైన్‌మెన్లు ఉన్నారు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్లున్నారు. ఐటీఐ చదివి ఫ్యాక్టరీల్లో ఉన్నవాళ్లున్నారు. చదువు దగ్గర, పరీక్ష దగ్గర వీళ్లు ఎవరికీ తీసిపోలేదు. తేడా ఉద్యోగంలో చేరిన మరుసటి రోజు నుంచి మొదలవుతుంది. మిగతా వాళ్లకు ఇంట్లో ఒక బాబాయి ఉంటాడు, ఒక బావ ఉంటాడు. సర్వీసు రిజిస్టరులో ఏం రాయించుకోవాలో, మెమో వస్తే జవాబు ఎలా ఇవ్వాలో, డిపార్టుమెంటల్ పరీక్షకు ఏ పుస్తకం చదవాలో రాత్రి అన్నం తింటూ చెప్పేస్తాడు. మన పిల్లకు ఆ మనిషి లేడు. ఆఫీసులో అడిగితే నవ్వుతారేమోనని అడగదు. ఇంట్లో అడిగితే అమ్మానాన్నలకు తెలియదు. ఏడాది రెండేళ్లు అలా మౌనంగా గడిచిపోతాయి. ఆ మౌనంలో కొందరు ఇంక్రిమెంటు పోగొట్టుకుంటారు, కొందరు ఉద్యోగమే మానేసి వస్తారు. తెలివి తక్కువై కాదు, అడగడానికి మనిషి లేక.

ఆ బాబాయి పని, ఆ బావ పని ఫోను కొంతవరకు చేయగలదు. దానంతట అది చేయదు. మనం చేయించాలి.

మన దగ్గర ఈ పద్ధతి కొత్తది కాదని కూడా చెప్పాలి. దీపావళి రోజుల్లో దండారీ బృందం ఇంకో ఊరికి అతిథిగా వెళ్తుంది. అక్కడి డప్పు దరువు వింటుంది, అక్కడి అడుగు చూస్తుంది, తన అడుగు చూపిస్తుంది. వచ్చే ఏడు వాళ్లు మన ఊరికి వస్తారు. రాయ్ సెంటర్‌లో కూర్చున్నప్పుడు ఒకరు సమస్య చెబితే తెలిసిన పెద్దలు నలుగురు నాలుగు మాటలు చెబుతారు, చివరికి ఒకరు దాన్ని ఒక మాటగా తేలుస్తారు. మర్లవాయి సంగతి మీలో చాలామంది విన్నారు. 1940ల్లో హైమెండార్ఫ్ గారి కాలంలో అక్కడ గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం నడిచింది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారయ్యాయి. ఒకే పని చేసేవాళ్లు ఒక చోట కూర్చుని పని నేర్చుకోవడం అంటే అదే. వాళ్లకు ఒక చోట కూర్చోక తప్పలేదు. మీకు ఆ ఇబ్బంది లేదు.

ఇక ఇప్పటి గ్రూపుల సంగతి. మన కులం పేరుతో, మండలం పేరుతో, సంఘం పేరుతో ఎన్నో ఉన్నాయి. ఒక్కొక్క దాంట్లో వందల మంది. పొద్దున లేస్తే పూల బొమ్మలతో గుడ్ మార్నింగులు, తర్వాత పుట్టినరోజులు, తర్వాత రాజకీయ నాయకుల ఫోటోలు, మధ్యలో ఎవరో పంపిన స్ఫూర్తి వీడియో. (ఆ వీడియోలు చూసి ఎవరైనా సర్వీసు రూల్స్ నేర్చుకున్నారంటే మేము నమ్మం.) ఈ హోరులో ఒక కొత్త ఏఎన్ఎం చెల్లె, టీకాల బాక్సులో ఐస్ ప్యాకులు పెట్టే ముందు ఎంతసేపు బయట ఉంచాలని అడిగిందనుకోండి. పది నిమిషాల్లో ఆ ప్రశ్న పైకి కొట్టుకుపోతుంది. జవాబు తెలిసిన సీనియర్ సిస్టర్ అదే గ్రూపులో ఉంటుంది, కానీ ఆ ప్రశ్న ఆమె కంట పడదు.

అందుకే పని వారీగా విడిపోవాలంటున్నాం. టీచర్లది ఒకటి, ఆరోగ్య శాఖ వాళ్లది ఒకటి, పంచాయతీ, రెవెన్యూ వాళ్లది ఒకటి, టెక్నికల్ పనుల వాళ్లది ఒకటి. ఇరవై ముప్పై మంది చాలు. అందులో పండుగ శుభాకాంక్షలు కూడా వద్దు, వాటికి పెద్ద గ్రూపు ఎలాగూ ఉంది. ప్రతి గ్రూపులో పదేళ్లు పైబడి సర్వీసు ఉన్నవాళ్లు కనీసం ముగ్గురు ఉండాలి. వాళ్లను రోజంతా ఫోను పట్టుకోమని అడగం. వారంలో ఒక్క సాయంత్రం, అరగంట. మా ఉద్దేశంలో దానికి సంత రోజు మంచిది. సిగ్నల్ లేని గూడల్లో పనిచేసే వాళ్లు కూడా ఆ రోజు మండల కేంద్రానికి వస్తారు, వాళ్లకు మెసేజీలు అప్పుడే అందుతాయి. వీడియోలు పంపితే వాళ్ల డేటా అయిపోతుంది కాబట్టి చిన్న వాయిస్ మెసేజి, లేదంటే రాత. కాగితమైతే చిన్న పీడీఎఫ్.

అడగడం కూడా ఒక పనితనమే. "సార్, ఆర్‌ఓఎఫ్‌ఆర్ గురించి చెప్పండి" అంటే ఎవరూ చెప్పలేరు. అదొక చట్టం, దాని కింద నిబంధనలు, ఫారాలు ఉన్నాయి. "మా గ్రామంలో సామూహిక హక్కుల క్లెయిము మీద గ్రామసభ పెడుతున్నాం. కోరం ఎంత ఉండాలి? మా దగ్గర ఉన్న పుస్తకంలో మూడింట రెండు వంతులని ఉంది, ఆఫీసులో సగం చాలంటున్నారు" అని అడిగితే, అదీ ప్రశ్న. ఎక్కడున్నాం, ఏం చేస్తున్నాం, ఏం చూశాం, ఎక్కడ ఆగాం అన్నీ అందులో ఉన్నాయి. జవాబు చెప్పేవాళ్లు కూడా అలాగే చెప్పాలి. అటవీ హక్కుల చట్టం 2006 నాటిది. 2008 నిబంధనల్లో కోరం మూడింట రెండు వంతులే. 2012 సవరణలో దాన్ని సగానికి తగ్గించి, హాజరైన వాళ్లలో మూడో వంతు మహిళలు ఉండాలన్నారు. కాబట్టి పుస్తకం అబద్ధం కాదు, పాతది. ఇలా ఏ సంవత్సరం, ఏ నిబంధన అని చెప్పి ఆ పేజీ ఫోటో పెడితే, అడిగినామె రేపు ఆఫీసులో నిలబడి మాట్లాడగలదు. "మా అన్న చెప్పాడు" అంటే ఏ ఆఫీసులోనూ చెల్లదు.

మంచి జవాబు వచ్చాక దాన్ని దాచాలి. వాట్సాప్‌లో కొత్తగా చేరిన వాళ్లకు అంతకు ముందు నడిచిన మాటలు సాధారణంగా కనిపించవు. ఫోను పోతే, బ్యాకప్ లేకపోతే అన్నీ పోతాయి. టెలిగ్రామ్‌లో పాత సంభాషణ కొత్తవాళ్లకు కూడా కనిపించేలా పెట్టుకోవచ్చు, ఫైళ్లు అక్కడే ఉంటాయి. ఏది వాడినా సరే, నెలకు ఒకసారి ఒక తమ్ముడో చెల్లెలో ఆ నెల ప్రశ్నలు, జవాబులు ఒక ఫైలుగా రాసి అందరికీ అందే చోట పెట్టాలి. గ్రూపు పెట్టేవాళ్లకు మన దగ్గర కొదవ లేదు, ఈ ఫైలు రాసేవాళ్లే కావాలి. మా లెక్కలో గ్రూపు అడ్మిన్ కంటే ఇది పెద్ద పదవి.

టీచర్ల గురించి కొంచెం ఎక్కువ మాట్లాడతాం, ఎందుకంటే వాళ్ల దగ్గర ఇంకెవరి దగ్గరా లేని పని ఒకటి ఉంది. ఒకటో తరగతికి వచ్చే మన పిల్లవాడికి గోండి వచ్చు, లేదా కొలామి వచ్చు. పుస్తకం తెలుగులో ఉంటుంది. పాఠ్యపుస్తకం మీది క్యూఆర్ కోడ్ నొక్కితే దీక్షా వేదికలో పాఠం వస్తుంది, అదీ మంచిదే, కానీ ఆ పాఠం కూడా వాడి భాషలో ఉండదు. వీలైన చోట కనీసం అయిదో తరగతి దాకా మాతృభాషలో బోధన ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. అమలు దగ్గరికి వచ్చేసరికి ఒక్కో టీచరూ ఒక్కో బడిలో ఒంటరిగా పదాలు వెతుక్కుంటున్నారు. "కూడిక"ను ఒక సారు ఒక మాటతో చెబితే, పక్క మండలంలో ఇంకో సారు ఇంకో మాటతో చెబుతారు. ఈ ఇద్దరూ ఒక గ్రూపులో ఉంటే వారానికి పది మాటలు తేల్చుకోవచ్చు. ఊళ్లోని అవ్వ గొంతుతో ఆ మాటను రికార్డు చేసి పెట్టుకోవచ్చు. ఏడాది తిరిగేసరికి అయిదు వందల మాటలు. అది చిన్న సంగతి కాదు.

ఇది కుదిరే పనేనా అని అనుమానం ఉన్నవాళ్లకు సంతాలీల సంగతి చెబుతాం. పండిత రఘునాథ్ ముర్ము రూపొందించిన ఓల్ చికి లిపి 2008లో యూనికోడ్‌లో చేరింది. పదేళ్ల తర్వాత, 2018 ఆగస్టులో, ఆ లిపిలో సంతాలీ వికీపీడియా మొదలైంది. అది రాసినవాళ్లు ఒక ఊరివాళ్లు కారు, ఒక దేశం వాళ్లు కూడా కారు. భారతదేశం నుంచి, బంగ్లాదేశ్ నుంచి స్వచ్ఛందంగా రాసినవాళ్లున్నారు. మన సంగతి చూడండి. నార్నూర్ మండలం గుంజాలలో బయటపడ్డ రాతప్రతుల లిపి, గుంజాల గోండి, అదే 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. దానికి ఏడాది ముందే మసరాం గోండి లిపి చేరింది. ఊరి పెద్దలు, విశ్వవిద్యాలయం వాళ్లు, అక్షరాలు గీసే నిపుణులు ఎవరి చోట వాళ్లు ఉండి కలిసి చేసిన పని అది. ఇవాళ ఆ అక్షరాలకు ఉచిత ఫాంట్ ఉంది. 2011 జనగణనలో గోండి మాతృభాషగా రాయించుకున్నవాళ్లు దాదాపు 30 లక్షల మంది. మరి ఆ అక్షరాలతో ఫోనులో రోజూ రాసేవాళ్లు ఎంతమంది? సాఫ్ట్‌వేర్‌లో ఉన్న తమ్ముళ్లు, బడిలో ఉన్న చెల్లెళ్లు ఒకరినొకరు ఎరుగకపోతే ఈ పని ముందుకు కదలదు.

చేతిపని వాళ్లకు ఇంకో దారి ఉంది. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఉషేగాం, కేస్లాగూడ ఓజాలు చేసే ఇత్తడి పనిలాంటిదే బస్తర్‌లోనూ ఉంది. మైనం తీగ చుట్టడం, మట్టి పూత, కొలిమి వేడి ఒకరు చిన్న వీడియోలో చూపిస్తే ఇంకొకరికి పాఠమే. అక్కడివాళ్లు ఏ సైజు బొమ్మను ఎంతకు అమ్ముతున్నారో తెలిస్తే మనవాళ్లు దళారి చెప్పిన ధరకు తల ఊపరు. ఇన్‌స్టాగ్రామ్‌లో బొమ్మ ఫోటో ఒక్కటే పెడితే లైకులు వస్తాయి. తయారీ పెట్టి, బరువు రాసి, ధర రాస్తే బేరం వస్తుంది.

ఏది పెట్టకూడదో కూడా చెప్పుకోవాలి. రోగి ముఖం, రోగి రిపోర్టు మీద పేరు, బడిపిల్లల ఫోటోలు, ఎవరి ఆధార్ కార్డూ గ్రూపులోకి రాకూడదు. సలహా కోసమే అయినా సరే, పేరు కప్పేసి పెట్టండి. ఆఫీసు లోపలి ఫైళ్లు బయట పెడితే ప్రవర్తనా నియమాల కింద ఉద్యోగానికే ముప్పు. పెర్సా పేన్ పూజ దగ్గర ఫోను తీసే ముందు కటోడాను అడగండి, ఆయన వద్దంటే వద్దే. ఇంటి నుంచి పని, డిపాజిట్ కడితే ఉద్యోగం అని టెలిగ్రామ్‌లో వచ్చేవి మోసాలు. డబ్బు పోతే సిగ్గుపడకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యం చేసిన కొద్దీ ఆ డబ్బు దొరకదు.

చెల్లెళ్ల విషయం విడిగా చెబుతాం, తమ్ముళ్లు కొంచెం గట్టిగా వినాలి. గ్రూపులో చేరిన ఆడపిల్ల నెంబరు అందరికీ కనిపిస్తుంది. రాత్రి పదింటికి "హాయ్, ఏ ఊరు" అని మెసేజి వస్తుంది. ఆమె ఎవరితోనూ చెప్పదు, మెల్లగా గ్రూపులోంచి వెళ్లిపోతుంది. ఆమెతో పాటు ఆమె అడగాల్సిన ప్రశ్నలన్నీ వెళ్లిపోతాయి. ఆరోగ్య శాఖలో, అంగన్‌వాడీల్లో, బడుల్లో మన ఆడపిల్లలు ఎంతోమంది ఉన్నారు. వాళ్లు లేని పని గ్రూపు దేనికి? అందుకని ప్రతి గ్రూపుకు ఇద్దరు అడ్మిన్లు ఉంటారు, ఒకరు తప్పనిసరిగా మహిళ. పనికి సంబంధం లేని మెసేజి విడిగా పంపినట్టు తెలిస్తే ఆ నెంబరు అదే రోజు తీసేస్తారు. ఎవరి కొడుకు, ఎవరి తమ్ముడు అన్న విచారణ ఉండదు.

పద్మశ్రీ కనకరాజు గారు 2024లో వెళ్లిపోయారు. డోలి పట్టుకుని కోయ వీరుల కథలు పాడిన పద్మశ్రీ సకిని రామచంద్రయ్య గారూ అదే ఏడు వెళ్లిపోయారు. ఇద్దరి వీడియోలూ యూట్యూబ్‌లో దొరుకుతాయి. చూడగలం, అడగలేం. ఉద్యోగాల్లోనూ అంతే. మనవాళ్లలో మొదటి తరం టీచర్లు, నర్సులు, అధికారులు ఇప్పుడు రిటైరవుతున్నారు. వాళ్లలో చాలామందికి స్మార్ట్‌ఫోను ఉంది, మాట్లాడాలనీ ఉంది. ఏ మనవడూ వచ్చి "తాతా, ఆ రోజుల్లో మీరు ఆ కేసు ఎలా నడిపారు?" అని అడగలేదంతే. ఈ గ్రూపుల్లోకి ముందుగా వాళ్లనే చేర్చండి. టైపు చేయలేకపోతే వాయిస్ చాలు, రాసే పని మీరు చూసుకోండి.

భోజనాల షామియానా పక్కన నాలుగు బల్లలు వేయించాం. ఒక్కో బల్ల మీద ఒక్కో పని పేరు రాసి ఉంది. మీ పేరు, పనిచేసే చోటు, ఎన్నేళ్ల సర్వీసో రాయించండి. ఫోను నెంబరు ఇవ్వడం మీ ఇష్టం. చదువుతున్న వాళ్లు మీరు చేయాలనుకుంటున్న పని బల్ల దగ్గరికి వెళ్లండి. రాసేటప్పుడు ఇప్పుడు మిమ్మల్ని ఆపుతున్న ప్రశ్న ఒకటి కూడా రాయండి. వచ్చే సంత రోజు సాయంత్రం ఆ ప్రశ్నలతోనే మొదలుపెడదాం.

జై సేవా.