సీసా మీది లేబుల్: పట్టిక నుంచి ముద్రణ దాకా



రసాయనశాలలో ప్రాక్టికల్స్ మొదలయ్యే ముందు తయారుచేసిన ప్రతి ద్రావణానికీ లేబుల్ అంటించాలి. ఒక బ్యాచికి ఒక్కో బల్ల మీద నాలుగైదు సీసాలు పెట్టినా మొత్తం వంద దాటుతాయి. చేత్తో రాస్తే ఒక పూట పడుతుంది, చివరి సీసాల దగ్గరికి వచ్చేసరికి దస్తూరీ కూడా మారిపోతుంది. ఈ పనిని కంప్యూటర్‌కు ఎలా అప్పగించాలో, అప్పగించాక ఏయే చోట్ల మనం కాపలా ఉండాలో ఈ పాఠంలో చూద్దాం. కాపలా ఎందుకంటే, చేతిరాతలో అంకె తేడాగా కనిపిస్తే మనం అడుగుతాం. అచ్చులో కనిపించిన అంకెను అడగకుండా నమ్ముతాం.

ఇందులోని సూత్రం ఒకటే. సమాచారం ఒకచోట, దాని రూపం మరొకచోట ఉంటాయి. సమాచారం ఎక్సెల్ పట్టికలో ఉంటుంది. మొదటి అడ్డు వరుసలో శీర్షికలు రాయండి: ద్రావణం పేరు, గాఢత, తయారుచేసిన తేదీ, తయారుచేసినవారు, హెచ్చరిక. ఆ కింద ఒక్కో వరుస ఒక్కో లేబుల్ అవుతుంది. ఒకే ద్రావణం మూడు సీసాల్లో ఉంటే ఆ వరుసను మూడుసార్లు రాయాలి. మధ్యలో ఖాళీ వరుసలు వదలకండి. రూపం వర్డ్‌లో తయారవుతుంది. ఈ రెంటినీ కలిపే ప్రక్రియకే మెయిల్ మెర్జ్ అని పేరు. ఉత్తరాల కోసం పుట్టిన సదుపాయం కాబట్టి ఆ పేరు మిగిలిపోయింది.

వర్డ్‌లో మెయిలింగ్స్ అనే విభాగం తెరిచి, స్టార్ట్ మెయిల్ మెర్జ్‌లో లేబుల్స్ ఎంచుకోండి. మీరు కొన్న స్టిక్కర్ షీటు కొలత అక్కడ అడుగుతుంది. ఏ4 షీటుకు 24 లేబుళ్లు, అంటే అడ్డంగా మూడు, నిలువుగా ఎనిమిది ఉన్నవి చిన్న సీసాలకు సరిపోతాయి. తరువాత సెలెక్ట్ రెసిపియెంట్స్ ద్వారా మీ ఎక్సెల్ ఫైలును చూపించండి. మొదటి గడిలో కర్సర్ ఉంచి, ఇన్సర్ట్ మెర్జ్ ఫీల్డ్ ద్వారా ఒక్కొక్క శీర్షికను కావలసిన చోట పెట్టండి. ఇక్కడ చాలామంది ఒక మెట్టు దాటేస్తారు. అప్‌డేట్ లేబుల్స్ అనే బొత్తాం నొక్కితేనే మొదటి గడిలోని అమరిక మిగతా 23 గడులకూ వెళుతుంది. నొక్కకపోతే మొదటి లేబుల్ తప్ప మిగతావన్నీ ఖాళీగా వస్తాయి. రెండో గడి నుంచి కనిపించే నెక్స్ట్ రికార్డ్ అనే గుర్తును చెరపకండి. పట్టికలో తరువాతి వరుసకు వెళ్లమని చెప్పేది అదే. అది లేకపోతే 24 గడుల్లోనూ ఒకే ద్రావణం పేరు పడుతుంది.

ఈ పొరపాట్లు కంటికి కనిపిస్తాయి కనుక ప్రమాదం లేదు. కనిపించనివి అంకెల్లో ఉంటాయి.

మీరు గాఢత గడిలో 35 శాతం అని శాతం గుర్తుతో టైపు చేశారనుకోండి. ఎక్సెల్ తెర మీద 35 శాతమే చూపిస్తుంది కాని, లోపల దాచుకునేది 0.35 అనే సంఖ్యను. వర్డ్ మామూలుగా తీసుకునేది లోపలి సంఖ్యనే. కాబట్టి గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసా మీద 0.35 అని అచ్చవుతుంది. దానిని చూసిన విద్యార్థి 0.35 మోలార్ అనుకోవడంలో వింత లేదు, ప్రాక్టికల్స్‌లో అలాంటి గాఢతలే అలవాటు కనుక. నిజానికి 35 శాతం ఆమ్లం 11 మోలార్‌కు పైనే ఉంటుంది. అంటే అతను అనుకున్నదానికన్నా 30 రెట్లకు పైగా గాఢమైన ఆమ్లాన్ని పిపెట్‌లోకి తీస్తున్నాడన్న మాట. పట్టికలో తప్పు లేదు, రాసినవారిలో తప్పు లేదు, లేబుల్ మాత్రం తప్పు.

దీనికి విరుగుడు సులభమే. గాఢత నిలువు వరుసను, ఏమీ టైపు చేయకముందే, ఫార్మాట్ సెల్స్‌లో టెక్స్ట్‌గా మార్చండి. అప్పుడు మీరు కొట్టినది కొట్టినట్టు ఉంటుంది, ప్రమాణంతో సహా. "0.10 మోలార్" అన్నప్పుడు చివరి సున్నా కూడా నిలుస్తుంది. రసాయనశాస్త్రంలో ఆ సున్నా అలంకారం కాదు, మనం ఎంత కచ్చితంగా కొలిచామో చెబుతుంది. స్టాకు రిజిస్టరులోని 0047 లాంటి నంబర్లు 47గా కుంచించుకుపోకుండా ఉండటానికీ ఇదే మార్గం.

"ముందే" అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. ప్రతి రసాయనానికీ సి.ఎ.ఎస్. సంఖ్య అని ఒక గుర్తింపు ఉంటుంది. బఫర్ ద్రావణాల్లో వాడే డైపొటాషియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ సంఖ్య 7758-11-4. దీన్ని మామూలు గడిలో టైపు చేస్తే ఎక్సెల్ 7758వ సంవత్సరం నవంబరు 4వ తేదీగా అర్థం చేసుకుంటుంది! ఆ తరువాత టెక్స్ట్‌గా మార్చినా పాత సంఖ్య తిరిగి రాదు, ఏడంకెల మరో సంఖ్య ప్రత్యక్షమవుతుంది. ఇది మన కళాశాలల ఇబ్బంది మాత్రమే కాదు. మానవ జన్యువుల పేర్లలో కొన్ని ఇలాగే మార్చి, సెప్టెంబరు తేదీలుగా మారిపోతుండటంతో, వాటికి పేర్లు పెట్టే అంతర్జాతీయ సంఘం 2020లో ఆ పేర్లనే మార్చవలసి వచ్చింది.

తెలుగులో లేబుళ్లు కావాలంటే యూనికోడ్‌లోనే టైపు చేయండి. డి.టి.పి. కేంద్రాల్లో అలవాటైన పాత ఫాంట్లలో కొట్టిన పేరు, వర్డ్‌లో అదే ఫాంటు పెట్టకపోతే, గజిబిజి గుర్తులుగా కనిపిస్తుంది. ఎక్సెల్‌లో ఫార్మాటింగ్ ద్వారా కిందికి దించిన అణుసూత్రాల అంకెలు కూడా వర్డ్‌లోకి మామూలు అంకెలుగానే వస్తాయి. అందుచేత ద్రావణం పేరును పూర్తిగా రాయడమే నాకు నచ్చిన పద్ధతి.

ముద్రణకు ముందు ఫినిష్ అండ్ మెర్జ్‌లో ఎడిట్ ఇండివిడ్యువల్ డాక్యుమెంట్స్ ఎంచుకుంటే లేబుళ్లన్నీ కొత్త ఫైలుగా తెర మీదికి వస్తాయి. ఒకరు పట్టిక చదువుతుంటే మరొకరు లేబుళ్లు చూడాలి. వంద లేబుళ్లకు పది నిమిషాలు చాలు. తరువాత తెల్లకాగితం మీద ఒక ప్రతి తీసి, స్టిక్కర్ షీటు వెనక పెట్టి వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. అక్షరాలు గడుల అంచులు దాటుతుంటే, ప్రింటరు సెట్టింగుల్లో పేజీకి తగ్గట్టు కుదించే ఏర్పాటు ఉందేమో చూసి, 100 శాతానికి మార్చండి.

సగం వాడిన స్టిక్కర్ షీటును లేజర్ ప్రింటరులో మళ్లీ పెట్టకండి. వేడికి మిగిలిన స్టిక్కర్లు ఊడి లోపల అతుక్కుంటాయి. ఇంక్‌జెట్ అక్షరాలు నీటి చుక్కకే చెదురుతాయి, లేజర్ అక్షరాలు నీటికి నిలిచినా అసిటోన్‌కు కరుగుతాయి. అంటించిన లేబుల్ మీద, అంచులు దాటేలా, వెడల్పాటి పారదర్శకపు టేపు వేయండి. సీసాలో కొత్త ద్రావణం పోసేటప్పుడు పాత లేబుల్‌ను పూర్తిగా ఒలిచేయండి, దాని మీదే కొత్తది అంటించకండి. పైది తడిసి ఊడిన రోజున కిందిది కనిపిస్తుంది.