వయోజన విద్యలో డాక్టరేటు – మన పిల్లలకు దారి



ఇంట్లో ఉర్దూ, అంగట్లో తెలుగు మాట్లాడుతూ, రెంటిలోనూ అక్షరం రాక వేలిముద్ర వేసే పెద్దలు మనలో ఉన్నారు. వీరికి ముందు ఏ లిపి నేర్పాలి? వయోజన విద్యలో డాక్టరేటుకు కావలసింది ఇటువంటి ప్రశ్నే. అది మన బిజినేపల్లి పిల్లల దగ్గర ఉన్నదని మేమంటాము.

అయితే ప్రశ్న ఒక్కటే చాలదు. 2022 యు.జి.సి. నిబంధనల ప్రకారం ఎం.ఏ.లో 55 శాతం మార్కులు రావాలి; క్రీమీ లేయరు కాని ఓ.బి.సి.లకు 50 చాలు. ఆపైన నెట్టో, యూనివర్సిటీ ప్రవేశ పరీక్షో. నెట్‌లో వయోజన విద్య విడిగా ఒక సబ్జెక్టు. పోస్టులో చదివి పి.హెచ్.డి. తెచ్చుకుందామంటే కుదరదు. ఉద్యోగస్తులు మాత్రం ఆఫీసు అనుమతి పత్రంతో పార్ట్‌టైముగా చేయవచ్చు. మైనారిటీలకిచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్ 2022-23 నుంచి కొత్తవారికి ఆగిపోయింది గనుక, నెట్‌లో జె.ఆర్.ఎఫ్. కొట్టడం మీదనే గురి పెట్టాలి.

కోర్సు వర్కు, థీసిస్, వైవా అన్నీ కలిపి మూడేళ్లకు తక్కువ కాదు, మామూలుగా ఆరేళ్లు గడువు. పెళ్లయితే ఆడపిల్ల చదువు ఆగుతుందని భయపడే తల్లిదండ్రులు వినండి: స్త్రీలకు గడువు మరో రెండేళ్లు పెంచవచ్చు, కాన్పుకూ పిల్లల పెంపకానికీ 240 రోజుల వరకు సెలవు ఇవ్వవచ్చు. సంబంధం ఖాయం చేసే రోజే ఈ మాట అవతలివారి చెవిన వేయండి.