చిన్న శిక్షణ విమానములు – వాని గిరాకి

2023వ సంవత్సరమున మన దేశపు విమాన సంస్థలు రెండు పెద్ద బేరములు చేసినవి. ఎయిరిండియా 470 విమానములకు, ఇండిగో 500 విమానములకు ఆర్డరు లిచ్చినవి. ఆ వార్త విన్నవారు వాని వెలను గూర్చియే ముచ్చటించుకొనిరి. ఇన్ని విమానములను నడపువారు దేనిమీద నేర్చుకొందు రను ప్రశ్న వెనుకబడినది. నేటి ప్రసంగము దానిని గూర్చియే.

నేర్చుకొనువారు మొదట నెక్కునది రెండు లేక నాలుగు సీట్లు గల చిన్న విమానము. ప్రక్కన ఉపాధ్యాయుడు కూర్చుండును. వాణిజ్య విమానచోదకుని లైసెన్సునకు మన దేశమున 200 గంటలు ఎగిరియుండవలెను. విద్యార్థి గంటల లెక్కన సొమ్ము చెల్లించును. పొలము తాకట్టుపెట్టియో, బ్యాంకులో అప్పు తెచ్చియో ఆ సొమ్ము కట్టు కుటుంబములు కలవు. గంటకు వేయి రూపాయలు తగ్గినచో అట్టి కుటుంబమునకు రెండు లక్షల యప్పు తగ్గినట్లే.

ఇక గిరాకి యెంతయో లెక్కవేయుదము. ఏటా 1,000 మంది శిక్షణ పొందుదు రనుకొందము. వారికి 2,00,000 గంటలు కావలెను. ఒక్కొక్క విమానము ఏటికి 600 గంటలు ఎగురు ననుకొన్నచో సుమారు 330 విమానములు చాలును. బాగుగా పోషించినచో ఒక్కొక్కటి ఇరువదియేండ్లు పనిచేయు నందము. అనగా ఆ సంఖ్య ఒకమారు సమకూడిన పిమ్మట, పాతవానికి బదులు ఏటికి కొనవలసినవి పదునేడు మాత్రమే. అవసరము పెద్దది; ఏటేటి అమ్మకము చిన్నది. ఈ భేదమును గుర్తింపక కర్మాగారము పెట్టినవారు నష్టపడుదురు.

ఈ వ్యాపారమున నున్న కష్టము అమెరికాలో స్పష్టముగా కానవచ్చినది. సెస్నా 172 అను విమానము 1955లో మొదట ఎగిరినది. ఇంతవఱకు 44,000కు పైగా తయారైనవి. అయినను 1986లో ఆ సంస్థ దాని నిర్మాణము నాపివేసెను. ఎన్నడో అమ్మిన విమానము ప్రమాదమునకు గుఱియైనను, నష్టపరిహారపు దావాలు తయారుచేసినవారిపై పడుచుండెను. 1994 నాటి చట్టము ఆ బాధ్యతకు 18 ఏండ్ల గడువు విధించిన పిమ్మట 1996లో నిర్మాణము మరల మొదలైనది. నడుమ శిక్షణాలయములు మూతపడలేదు. పాతవానిని మరమ్మతు చేసికొని నడిపినవి. క్రొత్త విమానమునకు గట్టి పోటీ పాత విమానమే.

అట్లయినచో క్రొత్తదాని నెందులకు కొనవలెను? గంటకగు ఖర్చు తగ్గునని కొనవలెను. పాత తరహా ఇంజనునకు సీసము కలిసిన ప్రత్యేకపు పెట్రోలు గంటకు సుమారు 30 లీటర్లు కావలెను. ఆస్ట్రియాలో తయారగు రోటాక్సు ఇంజను మోటారుకార్ల పెట్రోలుతోనే నడచును. గంటకు 20 లీటర్ల లోపే చాలును. యూరపులో 2020లో అనుమతి పొందిన వెలిస్ ఎలక్ట్రో బ్యాటరీతో ఎగురును. కాని అది గాలిలో నుండునది సుమారు 50 నిమిషములే. ఎక్కుట, దిగుట అభ్యసించుటకు చాలును, దూరప్రయాణమునకు చాలదు.

మన దేశమున 1951లో ఎగిరిన హెచ్.టి.2 ను వైమానిక దళము శిక్షణకు స్వీకరించెను. అందుచే అవి నూటికి పైగా తయారైనవి. బెంగుళూరు జాతీయ పరిశోధనాలయమున రూపొందిన హంస 1993లో ఎగిరినది. 2000లో ధ్రువపత్రము పొందినది. తేలికయైన దేహము, రోటాక్సు ఇంజను దాని సుగుణములు. అయినను తొలి యిరువదియేండ్లలో తయారైనవి ఇరువదింటికి లోపే. అట్టి నిశ్చయమైన కొనుగోలుదారు దానికి లేకపోయెను. దాని క్రొత్త రూపము 2021లో ఎగిరినది. నిర్మాణమునకై 2025లో ఒక ప్రైవేటు సంస్థతో ఒప్పందము కుదిరినది.

ఈమారు హంస నిలువవలెనన్నచో శిక్షణాలయములు కొన్ని కలిసి ముందుగా ఆర్డరు లీయవలెను; పొరుగుదేశములకును అమ్మవలెను. అన్నిటికంటె ముఖ్యము విడిభాగములు. శిక్షణాలయపు యజమాని వెల యడుగుటకు ముందే, చక్రము చెడినచో క్రొత్తది ఎన్నిదినములలో వచ్చునని యడుగును. ఆ ప్రశ్నకు తయారుదారు తేదీతో సహా జవాబు చెప్పగలిగి యుండవలెను. విమానము షెడ్డులో నిలిచిన దినములలో విద్యార్థి చదువు నిలుచును గాని, అప్పుమీది వడ్డీ నిలువదు.